చిన్నకోడలి చిరునామా

అత్త ఫోన్ చేసినప్పుడు పెద్దకోడలు కొండ మీది రాళ్ళ క్వారీలో, లారీలు తూచే కాటా గదిలో కూర్చుని ఉంది. రాయి నింపుకున్న లారీ ఒకటి అప్పుడే కాటా మీదికెక్కి, అటూ ఇటూ ఊగి నిలబడింది. అంకె కుదురుకునేదాకా మీట నొక్కకూడదు. ఆమె ఒక కన్ను అంకె మీద వేసి, ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"చిన్నదానికి ఏడో నెల పడిందమ్మాయ్. కాళ్ళు నీరు పట్టాయి. ఎక్కువ తిరగొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నా మోకాళ్ళ భాగోతం నీకు తెలిసిందే. దానికా తల్లి లేదు. నువ్వొచ్చి పురుడయ్యేదాకా ఉండి వెళ్ళు" అంది అత్త.

"వస్తాను అత్తయ్యా."

అనేశాక ఆమెకే ఆశ్చర్యం వేసింది. తోడికోడలి పేరు చెబితేనే ఒళ్ళు మండే మనిషి, పిలవగానే ఎలా ఒప్పుకుంది? ఆ మంట అసలు ఎంతవరకు నిజమో దగ్గరికెళ్ళి చూడాలనిపించింది, అంతే. పైగా ఇంకో సంగతి ఉంది. ఆమెకు రెండు నెలలుగా నెల తప్పింది. మొగుడికి కూడా చెప్పలేదు.

ఆమె మొగుడు ఆ క్వారీలో రాయి కోసే మిషన్ మీద పని చేస్తాడు. మంచివాడే. కాకపోతే ఏది అడిగినా "చూద్దాంలే" అంటాడు. అందుకని లోడింగు వాళ్ళు ఆయనకి చూద్దాంలే మేస్త్రి అని పేరు పెట్టారు. ఆమెను మాత్రం అందరూ కాటావదిన అంటారు. మరిది కింద పట్నంలో లిఫ్టులు బాగుచేస్తాడు. అత్త అతని దగ్గరే ఉంటుంది. క్వారీ నుంచి పట్నానికి బస్సులో ఒక పగలంతా ప్రయాణం. అదీ కొండచరియ జారకపోతే.

కాటా గదిలో తన కుర్చీ ఖాళీగా ఉండకూడదని, పక్క క్వార్టర్సులో ఉండే, రాళ్ళకి బెజ్జాలు వేసే డ్రిల్లరు భార్యకి పని నేర్పింది. చలాకీ పిల్ల. పెళ్ళై ఏడాదైనా కాలేదు. "నువ్వు తిరిగొచ్చాక ఈ కుర్చీ దిగనంటాను వదినా" అని నవ్వింది. పెద్దకోడలు కూడా నవ్వి, బట్టలు సర్దుకుని బస్సెక్కింది.

దారి పొడవునా ఆమె కళ్ళు మూసుకునే కూర్చుంది. ఆ దారి ఆమెకు పడదు.

కిందటేడు ఆ దారిలోనే ఆమెకు కాన్పు అయింది. నొప్పులు మొదలైనప్పుడు మొగుడితో కలిసి క్వారీ కాలనీలోని ఆరోగ్య కేంద్రానికి నడుచుకుంటూనే వెళ్ళింది. నీలం రంగు తలుపుకి తాళం ఉంది. నాలుగు కేంద్రాలకి కలిపి ఒక్క నర్సమ్మ, ఆ రోజు ఆవిడ ఇంకో కొండ మీద ఉంది. క్వారీ జీపులో కింది ఊరి ఆసుపత్రికి వెళితే, అక్కడ భవనం ఉంది, మంచాలున్నాయి, డాక్టరు లేడు. బదిలీ మీద వెళ్ళినాయన స్థానంలో ఇంకా ఎవరూ రాలేదన్నారు. "పట్నం తీసుకెళ్ళండి" అన్నాడు వాచ్‌మన్. పట్నం దారిలో, మూడో మలుపు దాటాక, జీపు వెనక సీటులో బిడ్డ పుట్టాడు. ఏడవలేదు. బొద్దుగా, నిండుగా, జుట్టుతో పుట్టినవాడు ఒక్కసారి కూడా ఏడవలేదు. ఆమెకు రక్తం ఆగలేదు. డ్రైవరు ప్రాణాలకు తెగించి తోలబట్టి ఆమె మిగిలింది.

తరవాత అత్త వచ్చి, తల నిమిరి, "రాసిపెట్టి లేదమ్మా, మన చేతుల్లో ఏముంది" అంది. పెద్దకోడలు ఆ మాట నమ్మింది. నమ్మకపోతే బతకడం కష్టమని కూడా నమ్మింది.

చిన్నకోడలికి నెల తప్పాక ఆ నమ్మకం కదిలింది. నెలకోసారి ఫోన్లో స్కానింగు ఫోటో వచ్చేది. "ఇదిగో అక్కా, ముక్కు." "ఇదిగో అక్కా, చెయ్యి ఊపుతోంది." ఒకసారి రక్తపు చుక్క కనిపించిందని గంటలో ఆసుపత్రికి వెళ్ళి, సాయంత్రానికి నవ్వుకుంటూ తిరిగొచ్చారట. రాసిపెట్టడం అనేది ఊరిని బట్టి ఉంటుందా అనుకుంది పెద్దకోడలు. అనుకున్న దగ్గర్నుంచి అన్నం సహించలేదు.

మరిది ఇల్లు రెండో అంతస్తులో ఉంది. ఊరందరి లిఫ్టులూ బాగుచేసే మనిషి ఉండే మేడకి లిఫ్టు లేదు. రెండే గదులు, ఒక వంటిల్లు, బట్టలారేసుకునే సన్నటి బాల్కనీ. చిన్నకోడలు మంచం మీద నుంచే చేతులు చాచింది. "వచ్చావా అక్కా, ఇంక నాకు భయం లేదు" అంది. మొహం చంద్రబింబంలా ఉబ్బి ఉంది. కాళ్ళు దిండ్ల మీద పెట్టుకుంది.

"భయం దేనికమ్మా, అన్నీ ఉన్న ఊళ్ళో" అంది పెద్దకోడలు. ఆ మాటలోని పులుపు చిన్నదానికి అందలేదు.

బాల్కనీలోంచి చూస్తే ఆసుపత్రి కనిపించేది. వీధి చివర, మందుల షాపుల వెనక, నాలుగంతస్తుల తెల్ల భవనం. అంబులెన్సు వెళ్ళినప్పుడల్లా కిటికీ అద్దాలు అదిరేవి.

"పగలు కాసేపు నడుం వాలుద్దామంటే ఈ కూత ఒకటి. తల పగిలిపోతుంది" అనేది చిన్నకోడలు.

పెద్దకోడలు పప్పు గిన్నె తోముతూ పళ్ళు బిగించేది. ఆ కూత కోసం జీపులో ఎంతగా చెవులు రిక్కించిందో ఈ పిల్లకి ఎవరు చెప్పాలి?

చిన్నదానికి ప్రతిదీ విసుగే. పరీక్షకని తాగించిన తియ్యటి నీళ్ళు వాంతి వచ్చేలా ఉన్నాయట. బెంచీ మీద కూర్చోబెట్టి నడుం విరగ్గొట్టారట. రోజూ బీపీ చూసుకోమని ఇంటికి మిషన్ ఇచ్చారట, ఆ పట్టీ చేతిని నొక్కేస్తుందట. ఒక బుధవారం ఒంట్లో బద్ధకంగా ఉందని ఆసుపత్రికి వెళ్ళలేదు. మధ్యాహ్నానికల్లా ఫోన్ మోగింది. పెద్దకోడలే తీసింది.

"ఈ రోజు రావాల్సినావిడ రాలేదేంటండీ? ఒంట్లో బాగానే ఉందా? రేపు తప్పకుండా పంపండి" అంది అవతల ఎవరో ఆడగొంతు.

పెద్దకోడలు ఫోన్ పెట్టేసి అలాగే నిలబడిపోయింది. రాలేదేంటి అని అడుగుతున్నారు. ఒక మనిషి వెళ్ళకపోతే ఎందుకు రాలేదని వాళ్ళే అడుగుతున్నారు. ఆ రోజు నీలం తలుపు ముందు తను మెట్ల మీద కూర్చుని, తాళం కప్పని పిడికిలితో కొట్టింది. ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం చిన్నదాని కాళ్ళకి కాపడం పెడుతూ, అడగకుండానే చెప్పింది. "నాకూ ఏడో నెలలో ఇలాగే వాచాయి."

ఇంకేమీ అనలేదు. అక్కర్లేదు కూడా. చిన్నకోడలి మొహంలో రక్తం చుక్క లేదు. చెయ్యి దానంతటదే పొట్ట మీదికి వెళ్ళింది. పెద్దకోడలు గుడ్డ పిండి బకెట్టు తీసుకుని వంటింట్లోకి నడిచింది. లోపల ఎక్కడో హాయిగా ఉంది. ఆ హాయి నీళ్ళు పారబోసేంత సేపు కూడా నిలవలేదు. ఛీ అనుకుంది. మర్నాడు మళ్ళీ అలాంటి మాటే ఇంకోటి నోటి చివరిదాకా వచ్చింది.

తరవాతి స్కానింగుకి ఆమే తోడు వెళ్ళింది. చీకటి గదిలో తెర మీద బూడిద రంగులో ఏదో కదులుతోంది. అప్పటిదాకా కబుర్లు చెబుతున్న డాక్టరమ్మ ఒక్కసారిగా మాట ఆపేసింది. చేతిలోది పొట్ట మీద అటూ ఇటూ జరిపి, మళ్ళీ వెనక్కి తెచ్చి, తెర వైపు వంగింది.

"బిడ్డ ఎదుగుదల సరిగా లేదు. రక్తం అందడం తగ్గింది" అంది చివరికి.

అయ్యిందా, అనుకుంది పెద్దకోడలు.

అనుకోవాలని అనుకున్నది కాదు. ఆ మాట దానంతటదే చల్లగా గుండెల్లో దిగింది. నీకూ వచ్చింది కదా. ఫోటోలు పంపావుగా, ఇప్పుడు పంపు. ఆ చల్లదనానికి తనే బెదిరి గోడ పట్టుకుంది.

కాని ఆ తరవాత జరిగింది చూస్తే ఆ చల్లదనం కూడా మిగల్లేదు. చక్రాల కుర్చీ వచ్చింది. పై అంతస్తులో మంచం సిద్ధం చేశారు. చేతికి సూది, పొట్టకి పట్టీ, బిడ్డ గుండె చప్పుడు గదంతా వినిపించే యంత్రం. ఒక డాక్టరు పోతే ఇంకో డాక్టరు. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడడానికి ఇంజెక్షన్లట. రోజూ చూస్తారట. తేడా వస్తే ఆపరేషను చేసి బయటికి తీస్తారట. చిన్నకోడలు భోరుమని ఏడుస్తోంది, ఒక నర్సు చెయ్యి పట్టుకుని కూర్చుంది. పెద్దకోడలు తలుపు దగ్గర నిలబడి అదంతా చూసింది. ఇన్నాళ్ళూ ఈ పిల్ల అదృష్టానికి కుళ్ళుకుంది. ఇప్పుడు దురదృష్టానికి కూడా కుళ్ళు పుట్టింది. కష్టం వస్తే ఇలాంటి చోట రావాలి. కష్టానికి కూడా ఇక్కడ మంచం వేసి, దుప్పటి కప్పి, చెయ్యి పట్టుకునేవాళ్ళున్నారు.

కళ్ళు బైర్లు కమ్మాయి. నడవాలో బెంచీ దొరికేలోపే కూలబడింది.

తెలివొచ్చేసరికి ఒక లావుపాటి నర్సు చేతికి పట్టీ చుడుతోంది. "పొద్దున ఏం తిన్నావమ్మా?"

"ఏం లేదు."

"కడుపులో మంటగా ఉంటోందా?"

"ఉంటోంది" అంది పెద్దకోడలు. "ఏడాదిగా ఉంటోంది."

నర్సు ఆమె మొహంలోకి చూసింది, పొట్ట వైపు చూసింది. "ఎన్నో నెల?"

అబద్ధం చెప్పే ఓపిక లేదు. "మూడు నిండుతోంది."

"ఇంతవరకూ ఎక్కడ చూపించుకున్నావ్?"

"ఎక్కడా లేదు."

నర్సు ఆమెను కింద పేర్లు రాసుకునే కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. కిటికీ వెనక గుమాస్తా ఊరి పేరు అడిగి, కలం పక్కన పెట్టేశాడు. "మీ ప్రాంతం వాళ్ళకి మీ దగ్గరే కేంద్రం ఉంటుందమ్మా. అక్కడే చూపించుకోవాలి. ఇక్కడ ఈ ఊరివాళ్ళకే."

"అక్కడ తాళం ఉంటుంది" అంది పెద్దకోడలు.

"అది నేనేం చెయ్యగలను చెప్పు."

పెద్దకోడలూ కడుపుతో ఉందన్న కబురు పైకీ, ఇంటికీ పాకింది. అత్త మోకాళ్ళ నొప్పి మరిచిపోయి మెట్లెక్కి వచ్చేసింది. మొగుడికి ఫోన్ వెళ్ళింది. మర్నాడు సాయంత్రానికి చూద్దాంలే మేస్త్రి, చొక్కా మడతల్లో రాతి పొడితో సహా, చిన్నకోడలి మంచం పక్కన నిలబడి ఉన్నాడు. సంతోషమో కంగారో ఆయన మొహం చూస్తే తెలియడం లేదు.

"ఇద్దరు చూలాళ్ళని నేనొక్కదాన్ని ఎక్కడ చూడనురా" అంది అత్త. "ఉన్నవి రెండు గదులు. దీనికి ఇంకా బోలెడు టైముంది. ఇప్పటికి తీసుకెళ్ళు. తొమ్మిదో నెలలో కావాలంటే చూద్దాం."

"అలాగేలే అమ్మా, చూద్దాంలే" అన్నాడు ఆయన.

"నేను రాను" అంది పెద్దకోడలు.

చిన్నకోడలి పొట్టకి కట్టిన యంత్రం టకటకమంటోంది.

"ఆ కొండ నేను ఎక్కను. ఎక్కితే మళ్ళీ ఆ జీపులోనే దిగాలి. అత్తయ్యా, రాసిపెట్టి లేదన్నారు మీరు. ఇక్కడికొచ్చి నెల రోజుల్నుంచి చూస్తున్నాను. రాసిపెట్టడం కాదు అది. మీ చిన్నకోడలికి కాళ్ళు వాస్తే మిషన్ ఇచ్చారు, నాకు వాస్తే ఉప్పు తగ్గించమన్నారు మీరు. తను రాకపోతే ఫోన్ చేసి అడుగుతారు. నేను వెళితే తాళం. నా కొడుకు దీని బిడ్డ కన్నా ఎందులో తక్కువ?" ఆమె గొంతు పెరగలేదు. ఇంక ఆపుకోలేక చిన్నకోడలి వైపు తిరిగింది. "నీకూ చెబుతున్నాను, విను. నిన్ను చూసి నేను రోజూ కుళ్ళుకున్నాను. కాళ్ళు వాచాయని ఆ రోజు చెప్పింది నువ్వు భయపడాలనే చెప్పాను. నిన్న బిడ్డ ఎదగట్లేదు అన్నప్పుడు... నాకు చల్లగా అనిపించింది. అదీ నేను."

అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మొగుడు నేల చూశాడు. చిన్నకోడలు మెల్లగా అటు తిరిగి గోడ వైపు పడుకుంది.

మర్నాడు పొద్దున లావుపాటి నర్సు బీపీ చూడ్డానికి వచ్చినప్పుడు, చిన్నకోడలు గోడ వైపు తిరిగే అంది, "సిస్టర్, మా తోడికోడలిది మా చిరునామానే రాయించండి. ఇక్కడే ఉంటుంది. ఇంటి కరెంటు బిల్లు మా ఆయన తెస్తాడు." పెద్దకోడలు అక్కడే, అడుగు దూరంలో, ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉంది. చిన్నకోడలు ఆమె వైపు చూడలేదు.

మొగుడు ఒక్కడే తిరిగి వెళ్ళాడు. బస్టాండులో బస్సెక్కేముందు, "ఆ రోజు తాళం పగలగొట్టినా లోపల ఎవరూ లేరు కదా అనుకున్నాను. అందుకే పగలగొట్టలేదు" అన్నాడు. ఏడాది తరవాత ఆయన ఆ మాటెత్తడం అదే మొదలు.

నాలుగు రోజులయ్యాక, రోజూ వచ్చి చూపించుకోమని చెప్పి చిన్నదాన్ని ఇంటికి పంపారు. ఇంట్లో మాటలు లేవు. చిన్నకోడలు మంచం మీద నుంచి, "అత్తయ్యా, ఆవిడని అన్నం తినమనండి, మాత్రలు వేసుకోవాలి కదా" అనేది. పెద్దకోడలు వంటింటిలోంచి, "అత్తయ్యా, ఆ పిల్లకి పాలు వేడి చేశానని చెప్పండి" అనేది. అత్త ఇద్దరి మధ్యా మోకాళ్ళు పట్టుకుని తిరిగి, "నన్ను పోస్టుమాన్‌ని చేశారు గదే" అని విసుక్కునేది.

ఎనిమిదో నెలలో చిన్నదానికి ఆపరేషను చేశారు. ఆడపిల్ల. గాజు పెట్టెలో పెట్టారు. లోపలికి ఒకరొకరినే పంపించేవారు. పెద్దకోడలి వంతు వచ్చినప్పుడు చేతులు కడుక్కుని, వాళ్ళిచ్చిన గౌను తొడుక్కుని వెళ్ళి చూసింది. పిల్ల పావురమంత ఉంది. చెయ్యి ఆమె బొటనవేలంత. ముక్కులో గొట్టం. పొట్ట ఎగిసి పడుతోంది. లారీల బరువు చూసే కళ్ళకి ఈ బరువు తెలియకపోదు. తన కొడుకు దీనికి రెట్టింపు ఉన్నాడు. నిండు నెలల బిడ్డ. వాడు పోయాడు, ఇది బతుకుతోంది. మళ్ళీ కడుపులో నుంచి మంట లేచింది. గాజు మీద అరచెయ్యి పెట్టి, మంట తగ్గేదాకా నిలబడదామనుకుంది. అది తగ్గలేదు. లోపల పిల్ల నోరు తెరిచి, పిల్లికూన గొంతుతో ఏడిచింది. ఎంత చిన్న ఏడుపైనా ఏడుపే. ఇటు ఆమెకూ ఏడుపు తన్నుకొచ్చింది.

బయటికొచ్చేసరికి చిన్నకోడలు కుర్చీలో కూర్చుని ఉంది. పాలు పడటం లేదని ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి. పెద్దకోడలు పక్కన కూర్చుంది. చిన్నది అంది, "అక్కా."

"ఊ."

"నీ బాబు ఎలా ఉండేవాడు?"

ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఓదార్చినవాళ్ళున్నారు, మళ్ళీ పుడతాడులే అన్నవాళ్ళున్నారు. ఎలా ఉండేవాడని ఒక్కరూ అడగలేదు. పెద్దకోడలు చెప్పింది. జుట్టు దట్టంగా ఉండేదని, ఒక చెవి కాస్త మడత పడి ఉండేదని, పెదవులు వాళ్ళ నాన్నవేనని. ఏం పేరు పెడదామనుకున్నారో కూడా చెప్పింది. చిన్నకోడలు మధ్యలో ఆపకుండా విని, "నా మీద కోపం పోయిందా?" అంది.

"లేదు" అంది పెద్దకోడలు.

"నాకూ పోలేదు" అంది చిన్నకోడలు. ఆ తరవాత మాత్రం అత్తకి పోస్టుమాన్ పని తప్పింది.

పాప గాజు పెట్టెలోంచి తల్లి గుండెల మీదికి, అక్కణ్ణుంచి ఇంటికి వచ్చింది. ఈలోపు పెద్దకోడలి పొట్ట పెరిగింది. ఆరో నెలలో బీపీ పెరిగితే మాత్రలు ఇచ్చారు. బుధవారం వస్తే చంకలో పాపతో ఒకరు, పొట్టతో ఒకరు ఆ వీధిలో నడిచి వెళ్ళేవాళ్ళు. ఒకసారి ఎండకి వెళ్ళకపోతే ఫోన్ వచ్చింది. "రాలేదేంటండీ?" పెద్దకోడలికి నవ్వొచ్చింది. "వస్తున్నానమ్మా, తిట్టకు" అంది.

నొప్పులు వచ్చిన రోజు నడిచే వెళ్ళింది. మధ్యాహ్నానికి మగపిల్లాడు పుట్టి, ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడ్చాడు. ఆ ఏడుపు వింటూండగానే కింద వెచ్చగా పారడం తెలిసింది. గుర్తుపట్టింది. అదే రక్తం, అదే పారడం. "ఆగదు. ఇది ఆగదు" అంది నర్సుతో. లావుపాటి నర్సు గంట నొక్కింది. క్షణంలో గది మనుషులతో నిండిపోయింది. ఒకరు పొట్ట నొక్కుతున్నారు, ఒకరు సూది గుచ్చుతున్నారు, ఒకరు ఫ్రిజ్‌లోంచి రక్తం సంచి తెచ్చి తగిలిస్తున్నారు. ఎవరూ పరుగెత్తడం లేదు, అరవడం లేదు. పప్పులో ఉప్పు వేసినంత మామూలుగా చేసుకుపోతున్నారు. కాసేపటికి రక్తం ఆగింది. ఇంతేనా, అనుకుంది పెద్దకోడలు. ఇంత మామూలు పనా ఇది? పాత దుఃఖం కొత్తగా కోపమై, బిడ్డని గుండెలకి హత్తుకున్నా వదల్లేదు.

పిల్లాడికి మూడో నెల వచ్చాక మొగుడు వచ్చి క్వారీకి తీసుకెళ్ళాడు. లోడింగు వాళ్ళు పని ఆపి చుట్టూ మూగారు. "కాటా మీద పెట్టు వదినా, ఎన్ని టన్నులో చూద్దాం" అని ఒకడు వేళాకోళమాడాడు. ఆడవాళ్ళు వచ్చి బుగ్గలు పుణికి, పట్నం పాలు పట్టాయన్నారు. డ్రిల్లరు భార్య రాలేదు. కాటా గదిలో కుర్చీ ఖాళీగా ఉంది.

"దానికి మొన్నే నెలలు నిండకుండా కాన్పయింది" అన్నాడు మొగుడు తల వంచుకుని. "జీపు దొరకలేదు. నర్సమ్మ రాలేదు. పాప రెండు రోజులుంది. పాలిస్తున్న నీకు చెప్పి బాధపెట్టడం ఎందుకని..."

పెద్దకోడలు బిడ్డని భుజాన వేసుకుని పక్క క్వార్టర్సుకి వెళ్ళింది. వెళ్ళాక తెలిసింది, వేసుకుని వెళ్ళకూడదని. ఆ పిల్ల గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. చలాకీతనం ఏమైపోయిందో. ఆమె చూపు పెద్దకోడలి మొహం మీద ఆగలేదు. నేరుగా భుజం మీదికి, దుప్పట్లో ముద్దగా ఉన్న బిడ్డ మీదికి వెళ్ళి అక్కడే ఆగింది. ఆ చూపు పెద్దకోడలికి కొత్తది కాదు. నెలల తరబడి అదే చూపుతో తనొక మంచాన్ని చూసింది. రేపు ఈ బిడ్డకి జ్వరమొస్తే ఈ పిల్లకి లోపల ఎక్కడో చల్లబడుతుంది. తిట్టుకుంటుంది. మళ్ళీ చల్లబడుతుంది.

"ఇంకోసారి వాణ్ణి నా ముందుకి తేకు వదినా" అంది డ్రిల్లరు భార్య.

"తేను" అంది పెద్దకోడలు. ఓదార్పు మాట ఒక్కటి కూడా అనకుండా వెనక్కి వచ్చింది. దిష్టి కళ్ళని మొగుడు గొణిగితే, "నోర్ముయ్" అంది.

ఆ తరవాత బిడ్డని మొగుడి దగ్గరో ఇంకెవరి దగ్గరో వదిలి, ఒక్కతే వెళ్ళేది. కూర్చునేది. ఒక రోజు, "పాప ఎలా ఉండేది?" అని అడిగింది. ఆ పిల్ల కోపంగా చూసి, "వెళ్ళిపో" అంది. వెళ్ళిపోయింది. రెండోసారి అడగలేదు. చాలా రోజుల తరవాత ఆ పిల్లే చెప్పింది, కొంచెం కొంచెంగా. మొత్తం ఎప్పుడూ చెప్పలేదు.

వానలు వెళ్ళాయి. పిల్లాడు కాటా గది మూల బోర్లాపడి పాకడం నేర్చాడు. ఒక మధ్యాహ్నం లారీ ఒకటి కాటా దిగి వెళ్ళాక, డ్రిల్లరు భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పిల్లాడి వైపు చూడకుండా ఉండాలని మొహం పక్కకి తిప్పుకుంది.

"నీ మరిది ఇల్లు ఎంత పెద్దది?" అంది.

"రెండు గదులు."

"ఎంతమంది పడతారు?"

పెద్దకోడలు మీట మీద నుంచి చెయ్యి తీసింది. "ఎన్నో నెల?"

ఆ పిల్ల పైట పొట్ట మీదికి లాక్కుంది. ఏం చెప్పినా ఏడుపొచ్చేలా ఉంది. పెద్దకోడలు ఫోన్ తీసి పట్నానికి చేసింది. అవతల పాప గోల, అంబులెన్సు కూత, చిన్నకోడలి విసుగు, మూడూ కలిసి వినిపించాయి. సంగతి చెప్పింది.

"మాదేమన్నా సత్రమా అక్కా?" అంది చిన్నకోడలు. "మెట్లెక్కలేక నేనే చస్తున్నాను. అత్తయ్య నన్ను కొడుతుంది. ఆయనేమంటాడో." కాస్త ఆగింది. "ఏ ఊరని చెప్పాలట? మా చిరునామానే చెప్పి, మా చిన్నమ్మ కూతురనమను. బుధవారం కల్లా వచ్చేయమను, ఆ రోజైతే పాపకి సూది వేయించేది ఉంది, ఇద్దరం కలిసి వెళ్ళొచ్చు."

పెద్దకోడలు ఫోన్ పెట్టేసి, బుధవారం అని చెప్పింది. డ్రిల్లరు భార్య తలూపింది. వెళ్ళబోతూ, పాకుతూ వచ్చి తన కాలి వేలు పట్టుకున్న పిల్లాణ్ణి ఒక్కసారి కిందికి చూసింది. ఎత్తుకోలేదు. మెల్లగా కాలు విడిపించుకుని, ఎండలోకి నడిచి వెళ్ళింది.